రాబోయే సాంకేతికతతో తరగతి గదిలో పిల్లల భాగస్వామ్యం ఎలా పెరుగుతుంది?

పిల్లలు కూర్చుని వినడమే కాక తామే చేసి, అడిగి, వాదించి నేర్చుకునేలా రాబోయే సాంకేతికత తరగతి గదిని మార్చగలదా అని మీరు అడిగారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిగా నా అనుభవం నుంచి చెబుతున్నాను. మార్చగలదు. అయితే గోడకు బిగించే పెద్ద తెర వల్ల ఆ మార్పు రాదని, తరగతిలో ఉన్న ప్రతి ఒక్కరి ఆలోచనా ఆ క్షణంలోనే ఉపాధ్యాయుడికి తెలిసేలా చేసే సాధనాల వల్ల, కొలిచే పనిని పిల్లల చేతికే అప్పగించే సాధనాల వల్ల వస్తుందని నా అభిప్రాయం.

మా బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి పనిచేయించే పెద్ద తెర ఉంది. దాని మీద అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) పెడితే పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఈ ఉచిత సిమ్యులేషన్లలో కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. కానీ తెర దగ్గరికి వచ్చి తీగలు కలిపి బల్బు వెలిగించేది ఒక్కరే, మిగిలిన తరగతి అంతా ప్రేక్షకులే.

దీనికి భిన్నంగా, చాలా తక్కువ ఖర్చుతో అయ్యే ప్లికర్స్ కార్డులు నా తరగతిని ఎక్కువగా మార్చాయి. ప్రతి విద్యార్థి దగ్గర నలుపు తెలుపు గుర్తు ముద్రించిన ఒక కార్డు ఉంటుంది. ఎ, బి, సి, డి లలో తాను ఎంచుకున్న జవాబు పైకి వచ్చేలా దాన్ని తిప్పి పట్టుకుంటే, ఉపాధ్యాయుడి ఫోన్ కెమెరా అన్ని కార్డులనూ ఒకేసారి చదివేస్తుంది. అక్షరాలు చాలా చిన్నవి కాబట్టి పక్కవారి జవాబు చూసి మార్చుకునే వీలుండదు. శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన రెండు ఒకే రకం బల్బుల్లో ఏది ఎక్కువ వెలుగుతుందని నోటితో అడిగితే ముందు బెంచీలోని ఇద్దరు ముగ్గురు ‘రెండూ సమానమే సార్’ అంటారు, మిగతావారు తలలూపుతారు, పాఠం ముందుకు సాగిపోతుంది. అదే ప్రశ్న కార్డులతో అడిగినప్పుడు, మొదటి బల్బు దగ్గరే కొంత కరెంటు ఖర్చయిపోతుందని పొరపాటుగా నమ్మేవారు ఎంతమంది ఉన్నారో బయటపడుతుంది. అప్పుడు నేను జవాబు చెప్పను. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, పక్కవారితో చర్చించి మళ్లీ కార్డు ఎత్తమంటాను. ‘రెండో బల్బు తీసేస్తే మొదటిదీ ఆరిపోతుంది కదా, మరి కరెంటు ముందు దీనికి, తర్వాత దానికి అని ఎలా అంటావు?’ అని ఒక అమ్మాయి పక్కనున్న స్నేహితురాలిని నిలదీసింది. నేను ఎంత వివరించినా అంత సూటిగా చెప్పలేను.

భవిష్యత్తులో కృత్రిమ మేధ ఈ పనినే ఇంకా లోతుగా చేయగలదని ఆశిస్తున్నాను. పిల్లలు నోటు పుస్తకంలో రాసిన సాధనను ఫోన్‌తో ఫోటో తీస్తే, ఎవరు ఏ మెట్టు దగ్గర పొరబడ్డారో పీరియడ్ ముగియక ముందే గుంపులుగా చూపగలిగితే, మరుసటి పది నిమిషాలు ఎవరి పక్కన కూర్చోవాలో నాకు తెలుస్తుంది. పిల్లల ముఖాలను కెమెరాతో పరిశీలించి వారి శ్రద్ధను లెక్కగట్టే ప్రయత్నాలను మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. తనను ఎవరో గమనిస్తున్నారని తెలిసిన పిల్లవాడు తప్పు జవాబు చెప్పడానికి సాహసించడు, తప్పు బయటికి రాకపోతే దాన్ని దిద్దే అవకాశమూ ఉండదు.

ఇక కొలిచే పని. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ మామూలు ఫోన్‌లోని మైకునూ సెన్సార్లనూ ప్రయోగశాల పరికరాలుగా వాడుకోనిస్తుంది. వరండాలో రెండు ఫోన్లను 10 మీటర్ల ఎడంలో పెట్టి, రెండింటిలోనూ చప్పుడుకు పనిచేసే స్టాప్‌వాచ్ తెరుస్తాం. ఈ చివర ఒకరు చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి, ఆ చివర మరొకరు కొడితే రెండూ ఆగుతాయి. ధ్వని చేరడానికి పట్టే సమయం వల్ల రెండు ఫోన్లు చూపే అంకెల్లో సుమారు 0.057 సెకను తేడా వస్తుంది. రానూపోనూ దూరమైన 20 మీటర్లను ఆ తేడాతో భాగిస్తే ధ్వని వేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. ‘పుస్తకంలో 344 అని ఉంది, మనకెందుకు ఎక్కువొచ్చింది సార్?’ అని పిల్లలే అడిగారు. పుస్తకంలోని విలువ 22 డిగ్రీల ఉష్ణోగ్రతకు చెప్పినదని, మా వరండాలో ఎండ మండిపోతోందని, వేడి గాలిలో ధ్వని ఇంకా వేగంగా వెళ్తుందని కాసేపట్లో వారే గ్రహించారు. వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు ఇలాంటి ప్రశ్న పుట్టించగలిగితే వాటినీ స్వాగతిస్తాను. అయితే అలాంటి కళ్లద్దాలతో పిల్లలకు దూరప్రాంతాలను చూపేందుకు 2015లో మొదలైన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ అనే సేవ 2021లో నిలిచిపోయింది కాబట్టి, ఒకే కంపెనీ సేవ మీద బోధనంతా ఆధారపడేలా చేసుకోకూడదని భావిస్తున్నాను.

నేను అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది తెలుగులో వినగలిగే, మాట్లాడగలిగే సాధనాల కోసం. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉండటం మంచి ఏర్పాటు. అయినా ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చాక చాలామంది పిల్లలు, భాష రాక కాకుండా తప్పు మాట్లాడతామనే జంకుతో, ప్రశ్నలే మానేశారు. కేంద్ర ప్రభుత్వపు భాషిణి, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వంటివి భారతీయ భాషల మాటను గుర్తించే సాంకేతికత మీద పనిచేస్తున్నాయి. శ్రీకాకుళం యాసలోనో పాలమూరు యాసలోనో ఒక పిల్ల తన సందేహాన్ని ఇంట్లో మాట్లాడినట్టే అడిగితే, యంత్రం దాన్ని సరిగ్గా అర్థం చేసుకుని, జవాబు వెంటనే అప్పగించకుండా ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని ఎదురు ప్రశ్న వేసే స్థాయికి అవి చేరాలి.

మీరు ఉపాధ్యాయులైతే ఇవన్నీ వచ్చేదాకా ఆగనవసరం లేదు. కార్డులను మామూలు కాగితం మీద ప్రింటు తీసి అట్టకు అంటిస్తే ఏడాదంతా వస్తాయి. ఫైఫాక్స్‌ను ఒకసారి దింపుకుంటే కొలతలకు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫెట్ సిమ్యులేషన్లను కూడా ముందే దింపుకుని పెట్టుకుంటే నెట్ లేని రోజున పాఠం ఆగదు. ముందుగా ఒకే అధ్యాయం ఎంచుకుని, పిల్లలు ఎక్కువగా పొరబడే ప్రశ్నలు మూడు నాలుగు రాసుకోండి. సాధనం ఏదైనా అసలు శ్రమ ఆ ప్రశ్నలు తయారు చేయడంలోనే ఉంటుంది.