చలికాలమంతా బండి మూలన ఉంటే బ్యాటరీ ఏమవుతుంది?

ప్రశ్న: మినియాపోలిస్‌లో ఉంటాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఐఎన్‌టీ 650 నవంబరులో గరాజ్‌లో పెడితే మళ్ళీ ఏప్రిల్‌లోనే తీస్తాను. రెండేళ్ళుగా ఏప్రిల్‌లో సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడే తప్ప ఇంజన్ తిరగడం లేదు. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలదు, పైగా చెరుపు. ఒకసారి సెల్ఫ్ కొట్టడానికి పోయే కరెంటు నిజానికి కొంచెమే. కానీ చలికి ఆయిల్ చిక్కబడి ఇంజన్ వెంటనే అందుకోదు, నాలుగైదుసార్లు కొట్టాల్సి వస్తుంది. తీరా స్టార్టయ్యాక ఐడిలింగ్‌లో వచ్చే కొద్దిపాటి కరెంటులో చాలాభాగం హెడ్‌లైటూ పెట్రోలు పంపూ తినేస్తాయి. బ్యాటరీకి మిగిలేది అంతంతమాత్రం. ఇంజన్‌కి జరిగే నష్టం వేరే ఉంది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. పది నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు కనక ఆ తడి ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ నిలిచిపోతుంది. ఆయిల్ మూత విప్పితే మీగడలా తెల్లగా కనిపించేది అదే.

అసలు చలి అంటే అంత భయం అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం తగ్గుతుంది. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీలో యాసిడ్ చిక్కగా ఉంటుంది, అది గడ్డకట్టాలంటే మైనస్ 60 డిగ్రీల దాకా పోవాలి. ఖాళీ అయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్ళే, మైనస్ 7 నుంచి 10 మధ్యలోనే గడ్డ కడుతుంది. మీ ఊళ్ళో జనవరి రాత్రికి అదొక లెక్కలోది కాదు.

మరి ఖాళీ ఎలా అవుతోందంటే, కీ తీసేసినా గడియారం, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్), ఉంటే అలారం లేదా ట్రాకర్ చిటికెడు కరెంటు లాగుతూనే ఉంటాయి. 3 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. రోజుకు 72 మిల్లీ ఆంపియర్ అవర్లు, నెలకు 2.16 ఆంపియర్ అవర్లు (ఏహెచ్), ఐదు నెలలకు 10.8. మీ బ్యాటరీ 12 ఏహెచ్. అంటే తనంతట తాను దిగేది కలపకుండానే అది అడుగంటింది. అలా దిగిన స్థితిలో నెలల తరబడి ఉంటే ప్లేట్ల మీద సీసం సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా అది పూర్తిగా కరగదు. రెండేళ్ళుగా ఇదే జరుగుతోందంటే మీ బ్యాటరీ సామర్థ్యం ఇప్పటికే కొంత పోయింది.

మీకు కావలసింది 1 ఆంపియర్ చుట్టుపక్కల ఇచ్చే ఆటోమేటిక్ బ్యాటరీ మెయింటెయినర్. అది మొదట 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.2 నుంచి 13.6 మధ్యకు దిగి అక్కడే నిలబెడుతుంది. చవగ్గా దొరికే పాతరకం ట్రికిల్ చార్జర్లు మాత్రం వద్దు. అవి నిండినా ఆగవు, నెలల తరబడి నీళ్ళను ఆవిరి చేస్తూనే ఉంటాయి. కారు చార్జర్ 10 ఆంపియర్లదైతే అదీ వద్దు. బైకు బ్యాటరీకి ఏహెచ్‌లో పదో వంతు కరెంటు సరైన లెక్క, అంటే మీకు 1.2 ఆంపియర్లు.

మెయింటెయినర్‌తో వచ్చే రింగు వైర్లను టెర్మినళ్ళకు శాశ్వతంగా బిగించి, చివర ప్లగ్గును సీటు పక్కనుంచి బయటికి తీసుకోండి. ప్లస్ వైరులో ఫ్యూజు ఉండి తీరాలి. ముందు బ్యాటరీకి తగిలించి, ఆ తర్వాతే గోడ స్విచ్ వేయండి. ఏప్రిల్ దాకా అలాగే వదిలేయవచ్చు. నెలకోసారి లైటు ఆకుపచ్చగానే ఉందా అని చూడటం మాత్రం మానకండి. గరాజ్‌లో బ్రేకర్ పడిపోయి రెండు నెలలు ఎవరూ చూడకపోవడం మామూలే.

ప్రశ్న: మాది ఎడిసన్, న్యూజెర్సీ. బండి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉంటుంది, అక్కడ ప్లగ్ పాయింటు లేదు. బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకోవచ్చా? కాంక్రీటు నేల మీద పెడితే దిగిపోతుందంటారు.

జవాబు: తెచ్చుకోండి. విప్పే ముందు వైర్ల ఫోటో ఒకటి తీయండి. కీ ఆఫ్ చేసి ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్. ఈ వరుస ఎందుకంటే, మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా ఫ్రేముకు తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు తిరగేయండి, ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. టెర్మినల్ లోపల చిన్న చదరపు నట్టు వదులుగా ఉంటుంది. అది జారి ఇంజన్ సందులో పడితే వెతకడానికి గంట పడుతుంది, కాబట్టి బోల్టులను మళ్ళీ రెండు చుట్లు వాటిలోకే తిప్పి ఉంచండి.

టెర్మినళ్ళ మీద తెల్లటి లేక ఆకుపచ్చ పొడి ఉంటే గ్లాసు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడవండి. నీళ్ళు పోసే రకమైతే మూతలన్నీ బిగించి ఉండాలి, సోడా లోపలికి పోతే యాసిడ్ పాడవుతుంది. ఆ రకంలో మట్టం కింది గీతకన్నా దిగితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, అదీ చార్జింగ్ అయ్యాక. ప్లేట్లు బయటపడితేనే ముందు కొద్దిగా. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి.

నెలకోసారి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. సీల్డ్ ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజుపీచు పట్టి ఉంచేది, నీళ్ళు పోయనక్కర్లేనిది) నిండా ఉంటే 12.8 వోల్టుల పైన చూపిస్తుంది, నీళ్ళ రకం 12.6 పైన. చార్జర్ తీసిన వెంటనే చూసే అంకెను నమ్మకండి, పూట ఆగి చూడండి. ఏజీఎం 12.5కు దిగితే చార్జ్ చేయండి. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టే. చార్జ్ చేసేచోట గాలి ఆడాలి, గ్యాస్ హీటర్ పక్కన వద్దు, వెలువడే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

కాంక్రీటు మాట పాతకాలపుది. అప్పటి పెట్టెలు చెక్కవీ గట్టి రబ్బరువీ, తడి పీల్చేవి. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు నేల ఏదైనా ఒకటే.

ప్రశ్న: టొరంటో. గత వేసవిలో లిథియం బ్యాటరీ వేయించాను. పాత మెయింటెయినరే వాడవచ్చా?

జవాబు: దాని మీద లిథియం మోడ్ లేకపోతే వాడకండి. సీసం బ్యాటరీల కోసం చేసిన చార్జర్లలో కొన్ని సల్ఫేట్ వదిలించడానికి ఎక్కువ వోల్టేజీ దెబ్బలు కొడతాయి, అవి లిథియం సెల్లులకు హాని. ఇంకో సంగతి, సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది. ఇంత చెప్పినా మీ పని తేలికే. దానికి సొంతంగా దిగే గుణం చాలా తక్కువ, నిండా చార్జ్ చేసి మైనస్ వైరు తీసేస్తే శీతాకాలం గడిచిపోతుంది. మధ్యలో ఒకసారి చూడండి, 13.2 దగ్గర ఉంటే ముట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: గుంటూరు. మా అబ్బాయి మార్చిలో అమెరికా వెళ్తున్నాడు, జులైలో వస్తాడు. బండి వరండాలో ఉంటుంది. మంచు లేదు కదా, పర్లేదా?

జవాబు: మీ వరండాయే ఎక్కువ ప్రమాదం. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను దిగే వేగం దాదాపు రెట్టింపవుతుంది. మార్చి నుంచి జులై అంటే నడివేసవి. అబ్బాయి వెళ్ళేముందు నిండా చార్జ్ చేయించి, మైనస్ వైరు తీసి కొనకు టేపు చుట్టించండి. నెలకోసారి బ్యాటరీ కొట్లో చార్జ్ పెట్టించండి. గంటలో ఇచ్చేస్తామని బూస్ట్ చార్జ్ పెట్టబోతే వద్దనండి. 9 ఏహెచ్ బ్యాటరీకి 0.9 ఆంపియర్లతో రాత్రంతా పెట్టమనండి. ఇంట్లో బండి నడిపేవాళ్ళుంటే ఇవేవీ అక్కర్లేదు, పదిరోజులకోసారి అరగంట రోడ్డెక్కితే చాలు. సందు చివరి పాలకొట్టు దాకా వెళ్ళి రావడం లెక్కలోకి రాదు. కిక్ ఉంది కదా అనుకోకండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో బ్యాటరీ పూర్తిగా దిగితే పంపు ఆడదు, తోసినా స్టార్టవదు.

ప్రశ్న: షెడ్డులో మరిచిపోయిన బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. కారు నుంచి జంప్ ఇవ్వనా?

జవాబు: ఇవ్వకండి, చార్జర్ కూడా తగిలించకండి. గడ్డకట్టి ప్లేట్లు వంగి ఉంటాయి, కరెంటు పంపితే పగలవచ్చు. గ్లౌజులు వేసుకుని ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి పారవేసే కేంద్రానికివ్వండి.

ప్రశ్న: మెయింటెయినర్ మీదే ఉంచాను. మీటరు 12.7 చూపిస్తోంది, సెల్ఫ్ కొట్టగానే 8కి పడుతోంది. చార్జర్ లోపమా?

జవాబు: కాదు. ముందు రెండు టెర్మినళ్ళూ విప్పి శుభ్రం చేసి గట్టిగా బిగించండి. తర్వాత మీటరు మొనలను వైరు మీద కాక బ్యాటరీ టెర్మినల్ మీదే ఆనించి మళ్ళీ సెల్ఫ్ కొట్టి చూడండి. ఇంజన్ తిరుగుతుండగా 9.6 కన్నా కింద పడుతుంటే బ్యాటరీ పని అయిపోయింది. వోల్టేజీ ఉంది గాని కరెంటు ఇచ్చే శక్తి లేదు. కొత్తది వేశాక ఇంజన్‌ను 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి వోల్టేజీ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య లేకపోతే తప్పు కరెంటు పుట్టించే స్టేటర్‌దో, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్‌దో, అది బాగుచేయించకుండా వేసిన కొత్త బ్యాటరీ కూడా ఎక్కువకాలం నిలవదు.