మిరపకాయ తెలుగు మాటేనా?

సందేహం: మిరప విదేశాల నుంచి వచ్చిందంటారు. మరి 'మిరపకాయ' అచ్చం తెలుగు మాటలాగే ఉందే? 'మిర్చి'ని మార్చుకున్నామా? ఇంకోటి, 'పండుమిరపకాయ' అంటాం కదా, అది పండా, కాయా?

సమాధానం: కాయ అమెరికా ఖండాలది, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి చేరింది. పేరు మాత్రం మనవాళ్ళు పెట్టుకున్నదే, మిర్చి నుంచి రాలేదు. అప్పటికి నాలుకకు బాగా తెలిసిన ఘాటు మిరియాలది, ఈ కొత్త కాయా అలాగే చురుక్కుమంది, అందుకని 'మిరియపు కాయ' అన్నారు. సరసము, మాట కలిసి 'సరసపు మాట' అయినట్టే ఇదీను, చివరి 'ము' 'పు'గా మారే, బళ్ళో చదివిన పుంప్వాదేశ సంధి. 'మిరియపుకాయ' అని గబగబా నాలుగుసార్లు అని చూడండి, మధ్యలో 'య' జారిపోయి మిరెపకాయ, మిరపకాయ అని మీ నోరే తేల్చేస్తుంది.

నిజానికి ఈ రెంటికీ చుట్టరికం లేదు. మిరియం పాకే తీగ, మిరప వంగ, టమాటాల కుటుంబం. కానీ పేరు పెట్టినవాళ్ళు పొరబడ్డారని నేననను. మిరియానికి ఘాటునిచ్చే పైపరిన్, మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ రెండూ నాలుక మీద వేడిని పసిగట్టే ఒకే నాడీ గ్రాహకాన్ని తట్టిలేపుతాయి, అంటే నాలుక సరిగ్గానే చెప్పింది!

అందరూ ఇదే పని చేశారు. మిరియాల కోసం బయల్దేరిన కొలంబస్‌కు అమెరికాలో దొరికింది మిరప, స్పానిష్‌వాళ్ళు మిరియం పేరునే కాస్త మార్చి దానికి పెట్టారు. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్, కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి. హంగేరీవాళ్ళ 'పాప్రికా' మూలం కూడా మిరియమే. హిందీ 'మిర్చ్' సంస్కృత 'మరిచం', అదీ మిరియమే. అక్కడ కొత్త కాయ పాత పేరును పూర్తిగా లాగేసుకుంది, దాంతో మిరియాలను 'కాలీ మిర్చ్' అనాల్సి వచ్చింది. మలయాళంలోనూ అంతే, ముళగ్ అంటే మిరప, మిరియం కురుముళగ్ అయింది. తెలుగులో మిరియం మిరియంగానే మిగిలింది, పక్కన మిరపకాయ చేరింది. నాకు ఇది ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

మిర్చి మూలమూ మిరియమే, అందుకని పచ్చిమిర్చి, ఎండుమిర్చి అన్నా తప్పేం లేదు, వాడుకలో కలిసిపోయాయి. ఇక పండుమిరపకాయలో 'కాయ' పేరులో భాగం, 'పండు' దాని స్థితి. పచ్చిమిరపకాయ, ఎండుమిరపకాయ లాంటిదే అదీను, నిస్సంకోచంగా వాడండి.