సోమాలీలు అరబ్బులా, ఆఫ్రికన్లా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాతో పనిచేసిన ఒక సోమాలీ కొలీగ్ మాది అరబ్ వంశం అనేవాడు, తాతముత్తాతల పేర్లు వరసపెట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు, చివరికి అది ప్రవక్త గారి బంధువుల దగ్గర తేలేది. ఇంకో సోమాలీ ఫ్రెండ్ ఏమో అదంతా ఉత్తిదే, మేం పక్కా ఆఫ్రికన్లం అంటాడు. ఇద్దర్లో ఎవరిది కరెక్ట్? అసలు సోమాలీలు ఎక్కణ్ణుంచి వచ్చారు?

జవాబు: పుట్టుక సంగతే అడిగితే రెండో ఆయనదే కరెక్టండి. అలాగని మొదటాయన అబద్ధం చెప్పాడనుకోకండి, ఆయన చెప్పింది వేరే రకం లెక్క, దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ముందు భాష సంగతి చూడాలి, రాతలు లేని కాలం గురించి అంత గట్టి సాక్ష్యం ఇంకోటి దొరకదు. సోమాలీ అనేది కుషిటిక్ శాఖ భాష. ఇథియోపియాలో ఒరోమో, ఎర్ర సముద్రం వైపు అఫార్, సాహో, ఉత్తర కెన్యా ఎడారిలో ఒంటెలు మేపుకునే రెండిల్లే జనం, వీళ్లందరి భాషలూ అదే శాఖ, అందులోనూ రెండిల్లే అయితే సోమాలీకి మరీ దగ్గరి చుట్టం. అరబిక్ కూడా పైన ఎక్కడో ఆఫ్రో ఏషియాటిక్ అనే పెద్ద కుటుంబంలో కలుస్తుంది గానీ ఆ చుట్టరికం ఎన్నో వేల ఏళ్ల నాటిది. మతంతో, వ్యాపారంతో అరబిక్ మాటలు సోమాలీలోకి బోలెడు వచ్చాయి, అంతేగానీ సోమాలీ అరబిక్ లోంచి పుట్టలేదు.

ఇక ఎక్కణ్ణుంచి అన్నది. 1950ల దాకా చరిత్రకారులు ఎక్కువమంది అనుకున్నదేంటంటే, సోమాలీలు ఉత్తరాన ఏడెన్ గల్ఫ్ ఒడ్డున మొదలై సుమారు 10వ శతాబ్దం నుంచి దక్షిణానికి దిగుతూ వచ్చారని, దారిలో ఒరోమోలనీ బంటూ రైతులనీ నెట్టేశారని. ఈ థియరీకి ఆధారం చాలావరకు ఆ వంశ కథలే. 1966లో హెర్బర్ట్ లూయిస్ అనే ఆంత్రోపాలజిస్ట్ దీన్ని తలకిందులు చేశాడు. ఆయన లాజిక్ సింపుల్, ఒకే కుటుంబం భాషల్లో బాగా తేడా ఉన్నవన్నీ ఏ ఏరియాలో దగ్గర దగ్గరగా ఉంటాయో ఆ కుటుంబం అక్కడ ఎక్కువ కాలంగా ఉన్నట్టు, ఎక్కడైతే ఒకే భాష చాలా దూరం పెద్దగా మారకుండా పరుచుకుని ఉందో అక్కడికి జనం తర్వాత వెళ్లినట్టు. సోమాలీకి దగ్గరి భాషలన్నీ దక్షిణ ఇథియోపియా, ఉత్తర కెన్యా వైపే ఉన్నాయి. సోమాలియా లోపల కూడా చూడండి, ఉత్తరాన వందల కిలోమీటర్లు పోయినా మాట దాదాపు ఒకటే, అదే దక్షిణాన జుబ్బా, షబెల్లె నదుల మధ్యకి వచ్చేసరికి మాయ్, తున్ని, గర్రె, జిద్దు అని ఎన్నో రకాలు, ఉత్తరాది మనిషికి అలవాటు లేకపోతే మాయ్ మాట్లాడేవాళ్లతో సంభాషణే నడవదు. అందుకే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది, సోమాలీల పూర్వీకులు దక్షిణ ఇథియోపియా, ఉత్తర కెన్యా ప్రాంతం నుంచి పశువులతో మెల్లగా తూర్పుకీ ఉత్తరానికీ విస్తరించారని, అదీ ఇస్లాం పుట్టకముందే చాలావరకు జరిగిపోయిందని. ఉత్తరం నుంచి దక్షిణానికి కదలికలు కూడా నిజమే, 19వ శతాబ్దంలో దారోద్ అనే పెద్ద సోమాలీ తెగ గుంపులు జుబ్బా నది దాటాయి, కానీ అవి ఆల్రెడీ ఉన్న జాతిలో కొన్ని తెగల వలసలు, వాటిని జాతి పుట్టుకతో కలిపేయడం వల్లే పాత థియరీ దారి తప్పింది.

ఇప్పుడు మీ కొలీగ్ చెప్పిన కథకి వద్దాం. దారోద్, ఇసాఖ్ తెగలకి మూలపురుషులుగా చెప్పే షేక్ దారోద్, షేక్ ఇసాఖ్ అనే ఇద్దరు అరేబియా నుంచి సముద్రం దాటి ఉత్తర సోమాలీ తీరానికి వచ్చారని, వాళ్ల వంశం ప్రవక్త గారి పెదతండ్రి కొడుకు అఖీల్ ఇబ్న్ అబీ తాలిబ్ దాకానో, ఆయన తమ్ముడు అలీ దాకానో వెళ్తుందని చెప్తారు. మైద్ అనే ఊళ్లో షేక్ ఇసాఖ్ సమాధి ఉంది, జనం ఇప్పటికీ దర్శించుకుంటారు. ఆ షేకులు నిజంగా ఉండి ఉండొచ్చు, ఎర్ర సముద్రం, ఏడెన్ గల్ఫ్ దాటి మత పండితులూ వ్యాపారులూ రావడం అక్కడ వింతేం కాదు. కానీ నన్ను ఎప్పుడూ ఆపేసే పాయింట్ ఆ కథ లోపలే ఉంది. దారోద్ పెళ్లి చేసుకుంది స్థానిక దిర్ తెగ అమ్మాయిని, ఇసాఖ్ భార్యల్లోనూ స్థానిక తెగ ఆవిడ ఉంది. అంటే ఆ పెద్దమనుషులు పడవ దిగేటప్పటికే అక్కడ జనం ఉన్నారు, తెగలున్నాయి, పిల్లలు మాట్లాడింది తల్లుల భాషే. కథని గౌరవిస్తూనే చదివినా అది సోమాలీల పుట్టుక కథ అవ్వదు, కొన్ని తెగలు ఇస్లాంతో చుట్టరికం కలుపుకున్న కథ అవుతుంది.

బయటివాళ్ల రాతలు కూడా ఇదే చెప్తాయి. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన గైడ్‌లో ఈ తీరం రేవుల వర్ణన ఉంది, అక్కడి జనాన్ని బర్బర్లు అన్నాడు, తర్వాత అరబ్ యాత్రికులు కూడా అదే పేరు వాడారు (ఉత్తర ఆఫ్రికా బెర్బర్లతో కలపకండి, వాళ్లు వేరు). 13వ శతాబ్దంలో ఇబ్న్ సయీద్ అనే అరబ్ భూగోళ రచయిత, మెర్కా రేవు హావియేల దేశానికి ముఖ్య పట్టణం అని రాశాడు, హావియే అంటే ఈరోజుకీ రాజధాని మొగదిషు చుట్టుపక్కల ఉన్న పెద్ద సోమాలీ తెగ. ఇసాఖ్ షేక్ ఉత్తరాన దిగాడనే కాలానికి కాస్త అటూ ఇటూగా దక్షిణాన సోమాలీలు ఊళ్లు ఏలుతున్నారన్నమాట. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మొగదిషు వెళ్తే అక్కడి సుల్తాన్ అరబిక్ వచ్చినవాడే గానీ మాట్లాడేది స్థానిక భాష అని రాసుకున్నాడు. ఇక సోమాలీ అనే పేరు రాతలో మొదటిసారి కనపడేది 15వ శతాబ్దం మొదట్లో, ఇథియోపియా చక్రవర్తి యెషాఖ్ విజయాల్ని పొగిడే పాటలో.

ఇంకో సంగతి. ఇస్లాంకి ముందు కుషిటిక్ జనాలు ఆకాశ దేవుడు వాఖ్‌ని కొలిచేవాళ్లు, ఒరోమోల్లో ఆ పూజ ఇప్పటికీ ఉంది. సోమాలీలు గట్టి ముస్లింలు, అయినా ఎల్ వాఖ్, ఆబుద్‌వాఖ్ లాంటి ఊళ్ల పేర్లలో ఆ దేవుడు అలాగే ఉండిపోయాడు.

ప్రశ్న: డీఎన్‌ఏ టెస్టులు ఏమంటున్నాయండీ? సోమాలీలు సగం అరబ్బులు అని ఒకచోట చదివాను.

జవాబు: సగం అరబ్ అనేది తప్పండి. అది ఎక్కడ పుడుతుందో చెప్తాను. 2005లో డెన్మార్క్‌లో ఉంటున్న 201 మంది సోమాలీ మగవాళ్ల వై క్రోమోజోమ్ మీద ఒక స్టడీ వచ్చింది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది కాబట్టి మగ వంశ కథల్ని పరీక్షించడానికి సరిగ్గా సరిపోతుంది. అందులో 77 శాతం పైగా తూర్పు ఆఫ్రికాలో బాగా పాతుకుపోయిన ఒకే గుంపుకి చెందారు, ఒరోమోలకి దగ్గర అని తేలింది, యూరేషియా వైపు నుంచి వచ్చిన వంశాలు సుమారు 15 శాతం. కొన్ని శతాబ్దాల కింద వచ్చిన అరబ్ షేకులే జాతి మొత్తానికి మూలపురుషులైతే ఈ లెక్క తిరగబడి ఉండాలి కదా.

కన్ఫ్యూజన్ ఎక్కడంటే, తండ్రి వైపే కాకుండా మొత్తం జీనోమ్ చూసినప్పుడు సోమాలీలలో పశ్చిమ ఆసియా జనాలతో కలిసే భాగం బాగానే కనపడుతుంది, ఇథియోపియాలో అమ్హారాలకీ ఒరోమోలకీ కూడా అంతే. జనం దాన్ని చూసి చూశారా అరబ్ రక్తం అంటారు. కానీ ఆ కలయిక వేల ఏళ్ల నాటిది, ఇస్లాం కన్నా ముందుది, అసలు అరబ్ అనే గుర్తింపు తయారవకముందు నుంచీ మొదలైంది. ఆఫ్రికా కొమ్ముకీ అరేబియాకీ మధ్య బాబ్ ఎల్ మందెబ్ జలసంధి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, అటూ ఇటూ రాకపోకలు మనుషులు ఉన్నప్పటి నుంచీ ఉన్నాయి. కాబట్టి ఆ మిశ్రమంతో తయారైన స్థానిక ఆఫ్రికన్ జాతి అని చెప్పుకుంటే సరిపోతుంది, సగం ఇది సగం అది అని కొయ్యక్కర్లేదు.

ప్రశ్న: మరి అంత స్పష్టంగా ఉంటే అరబ్ మూలాలు అని ఎందుకు పట్టుకుని ఉంటారు? సోమాలియా అరబ్ లీగ్‌లో కూడా ఉంది కదా?

జవాబు: ఉంది, 1974లో చేరింది. అది మతం, పొరుగు, డబ్బు, దౌత్యం కలిసిన నిర్ణయం, పుట్టుక సర్టిఫికెట్ కాదు.

మూలాల కథ విషయానికొస్తే సోమాలీలని ఒక్కళ్లనే వేలెత్తి చూపించడం అన్యాయం. పక్కనే ఇథియోపియా క్రైస్తవ చక్రవర్తులు 1974 దాకా మేం సొలొమోను రాజు సంతతి అని చెప్పుకుని ఏలారు. స్వాహిలీ తీరంలో చాలా కుటుంబాలు పర్షియాలోని షిరాజ్ నుంచి వచ్చాం అంటాయి. ఆ ప్రాంతంలో మతం ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికి వంశం ముడి వెయ్యడం గౌరవానికి మార్గం. అదీగాక సోమాలీ పశువుల కాపరి జీవితంలో వంశవృక్షం ఉత్త డాబు కాదు, పిల్లలకి చిన్నప్పుడే తండ్రి తాతల పేర్లు కంఠతా నేర్పిస్తారు, దాన్ని అబ్తిర్సి అంటారు, బావి దగ్గర నీళ్ల హక్కు ఎవరిది, హత్య జరిగితే ఒంటెల రూపంలో పరిహారం ఎవరెవరు కలిసి కట్టాలి అన్నవి ఆ పేర్లని బట్టే తేలుతాయి. దగ్గరి తరాల పేర్లు అందుకే నమ్మదగ్గవి, రోజూ వాటితో పని ఉంటుంది. పైకి పోయేకొద్దీ అది చరిత్ర కన్నా రాజ్యాంగంలా పనిచేస్తుంది, ఏ తెగకి ఏ తెగ అన్నదమ్ములో చెప్తుంది. మీ కొలీగ్ చెప్పింది ఈ లెక్కే.

దీని మీద వలస పాలకులు పులిమిన మురికి మాత్రం వేరు, అది చెప్పకుండా ఉండలేను. 20వ శతాబ్దం మొదట్లో యూరప్ పండితులు, ముఖ్యంగా 1930లో సెలిగ్మన్ అనే బ్రిటిష్ ఆంత్రోపాలజిస్ట్, ఆఫ్రికాలో కాస్త గొప్పది ఏది కనపడినా బయట నుంచి వచ్చిన హామైట్లు అనే తెల్లజాతి బంధువులే తెచ్చారని రాశారు, సోమాలీలని ఆ డబ్బాలో పెట్టారు, రువాండాలో టుట్సీలనీ అందులోనే పెట్టారు, 1994లో అక్కడ టుట్సీల ఊచకోత జరిగిన సంగతి తెలిసిందే. కెన్యాలో బ్రిటిష్ వాళ్లు జనాన్ని జాతి మెట్ల మీద నిలబెట్టి ఎవరి మెట్టుకి తగ్గ హక్కులు వాళ్లకి ఇచ్చేవారు, 1919లో ఒక చట్టంతో కొందరు సోమాలీలకి నేటివ్ అనే ముద్ర నుంచి మినహాయింపు ఇచ్చారు. 1930ల చివర్లో అక్కడి ఇసాఖ్ సోమాలీలు మమ్మల్ని ఏషియన్ల కింద లెక్కించండి, ఎక్కువ పన్ను కట్టమన్నా కడతాం అని పెద్ద ఆందోళన చేశారు. ఎక్కువ పన్ను అడిగి మరీ కడతామన్నారంటే కింది మెట్టు మీద బతుకు ఎలా ఉండేదో ఊహించుకోండి. మేం అరబ్బులం అనే మాటలో ఆనాటి భయం కూడా కొంత ఉంది.

ప్రశ్న: ఈజిప్టు ఫారోలు చెప్పిన పుంట్ దేశం సోమాలియానే అంటారు. నిజమా?

జవాబు: దగ్గర్లోనే ఎక్కడో. హత్షెప్సుత్ రాణి సుమారు 3,500 ఏళ్ల కింద పంపిన ఓడలు సాంబ్రాణి, బంగారం, కోతులు తెచ్చాయని ఆవిడ గుడి గోడల మీద బొమ్మలున్నాయి. ఈజిప్టులో దొరికిన బబూన్ మమ్మీల మీద 2020లో వచ్చిన రసాయన పరీక్షలు ఎరిట్రియా, ఇథియోపియా, జిబూటి, సోమాలియాలో కొంత భాగం వైపు చూపించాయి. 1998లో సోమాలియాలో ఏర్పడిన పుంట్‌లాండ్ రాష్ట్రం ఆ పేరే పెట్టుకుంది. కానీ పుంట్ జనమే సోమాలీలు అనడం కుదరదు, అప్పటికి సోమాలీ అనే విడి జాతి ఉందనే ఆధారమే లేదు. పాత గొప్ప కావాలంటే ఉత్తరాన హర్గీసా నగరం దగ్గర లాస్ గీల్ గుహలు చూడండి, వేల ఏళ్ల నాటి ఆవుల బొమ్మలు రంగు చెక్కుచెదరకుండా ఉన్నాయి, 2002లో ఒక ఫ్రెంచ్ బృందం ద్వారా బయటి ప్రపంచానికి తెలిశాయి.

ప్రశ్న: సోమాలీలు ఒకే జాతి, ఒకే భాష, ఒకే మతం అంటారు. మరి సోమాలీ బంటూలు అని వార్తల్లో వస్తారు, వాళ్లెవరు? వాళ్లు సోమాలీలు కారా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు, ఒకే జాతి అనే మాట సగం మందిని చూసి చెప్పిందే. 1954లో తయారైన జెండా మీద నక్షత్రానికి అయిదు కొనలు, సోమాలీలు ఉన్న అయిదు ప్రాంతాలకి గుర్తు, అంటే బ్రిటిష్, ఇటాలియన్ సోమాలీలాండ్‌లు, ఇప్పటి జిబూటి, ఇథియోపియాలో ఒగాడెన్, కెన్యా ఈశాన్యం. 1960లో స్వతంత్రం వచ్చాక ఆ ఒకటే అనే భావన బాగా పెరిగింది, 1972లో భాషకి లాటిన్ లిపి అధికారికం చేశారు, అయితే అది ఉత్తర, మధ్య ప్రాంతాల సోమాలీనే, మాయ్ మాట్లాడేవాళ్లు పక్కకి పోయారు. దక్షిణాది రహన్‌వేన్ తెగలు రైతులు కూడా కావడంతో సంచార తెగల దృష్టిలో వాళ్లు ఎప్పుడూ ఒక మెట్టు కిందే. మొగదిషు, బ్రావా రేవుల్లో పాత వ్యాపార కుటుంబాలున్నాయి, బ్రావాలో వాళ్లు మాట్లాడేది స్వాహిలీకి చెందిన మాండలికం. చర్మం పని, ఇనుము పని చేసే గబోయె, తుమాల్ లాంటి కులాలతో తక్కిన తెగలు పెళ్లి సంబంధాలు కలుపుకోవు.

బంటూల విషయానికొస్తే, వీళ్లలో ఎక్కువమంది పూర్వీకుల్ని 19వ శతాబ్దంలో ఇప్పటి టాంజానియా, మొజాంబిక్, మలావీ వైపు నుంచి బానిసలుగా పట్టుకొచ్చారు, జుబ్బా, షబెల్లె ఒడ్డున పొలాల్లో పని చేయించారు. తప్పించుకున్నవాళ్లు జుబ్బా అడవుల్లో సొంత ఊళ్లు కట్టుకున్నారు. ముస్లింలు అయ్యారు, సోమాలీ మాట్లాడతారు, చాలామంది ఏదో ఒక తెగ నీడలో చేరారు, అయినా జుట్టు చూసి వేరు చేసే పిలుపు తప్పలేదు. 1991లో ప్రభుత్వం కూలాక వాళ్ల వెనక ఆయుధాలతో నిలబడే తెగ ఏదీ లేదు, అందుకే పొలాలూ ప్రాణాలూ ఎక్కువ పోగొట్టుకున్న వాళ్లలో వాళ్లొకరు. 2000లో జిబూటిలోని ఆర్తాలో శాంతి సమావేశం పెట్టి పార్లమెంటు సీట్లు నాలుగు పెద్ద తెగలకి ఒక్కో వాటా, మిగిలిన మైనారిటీలందరికీ కలిపి అర వాటా అని పంచుకున్నారు. మనుషుల్ని ఇలా సగంగా లెక్కించడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

వాళ్లు సోమాలీలా కాదా అంటే, వాళ్లలోనే ఒక్కొక్కళ్లు ఒక్కోలా చెప్తారు, ఆ మాట చెప్పే హక్కు కూడా వాళ్లదే. జుబ్బా కింది భాగంలో కొందరు ఇంకా జిగులా అనే బంటూ భాష ఇంట్లో మాట్లాడతారు, తాతల ఊళ్లు టాంజానియాలో ఏ వైపో వాళ్లకి గుర్తే. 1990ల యుద్ధంలో వాళ్లలో కొన్ని వేల మంది ఆ వైపుకే వెళ్లారు, టాంజానియా ప్రభుత్వం వాళ్లకి చోగో అనే చోట భూమి ఇచ్చింది, తర్వాత పౌరసత్వం కూడా ఇచ్చింది.