మీటింగుకు ఎంత సిద్ధపడతారో భోజనానికీ అంత సిద్ధపడండి

సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నట్టు నాలుగు నెలల క్రితమే తెలిసిందనీ, వచ్చే నెల ఆఫీసు పని మీద మూడు వారాలు విదేశంలో ఉండవలసి వస్తోందనీ, తిండి సంగతి తలచుకుంటే ప్రయాణం మానుకోవాలనిపిస్తోందనీ మీరు రాశారు. నాకు ఈ వ్యాధి బయటపడి తొమ్మిదేళ్లయింది, ఏటా మూడు నాలుగు సార్లు పని మీద విమానం ఎక్కుతూనే ఉన్నాను, కాబట్టి మానుకోవద్దనే చెబుతాను. అయితే విహారయాత్రకూ పని ప్రయాణానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పని మీద వెళ్లినప్పుడు ఎప్పుడు తినాలో, ఎక్కడ తినాలో, చాలాసార్లు ఏం తినాలో కూడా ఇతరులే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాన్ని వీలైనంతవరకు మళ్లీ మీ చేతిలోకి తెచ్చుకోవడమే అసలు పని.

విమానంతో మొదలుపెడతాను. గ్లూటెన్ లేని భోజనాన్ని విమానయాన సంస్థలు జీఎఫ్‌ఎంఎల్ అనే కోడ్‌తో నమోదు చేసుకుంటాయి. సాధారణంగా 24 నుంచి 48 గంటల ముందు కోరాలి. నా మొదటి ప్రయాణంలో నేను అంతకంటే ముందే కోరాను, కానీ మొదటి విమానం ఆలస్యమై నన్ను మరో విమానంలోకి మార్చినప్పుడు నాతో పాటు నా భోజనం మాత్రం రాలేదు. తొమ్మిది గంటలు ఒక ఆపిల్ పండుతో, టీతో గడిపాను. మరోసారి భోజనం సరిగ్గానే వచ్చింది గానీ, అందరికీ ఇచ్చే మామూలు బన్నును కూడా అదే ట్రేలో పెట్టి ఇచ్చారు! అప్పటి నుంచి ఒక పూటకు సరిపడా ఆహారం చేతి సంచిలో లేకుండా నేను విమానం ఎక్కడం లేదు. తీసుకెళ్లేది సీలు వేసిన ప్యాకెట్లలో ఉండాలి. మాంసాన్నీ పాల పదార్థాలనూ బయటి దేశాల నుంచి తెచ్చుకోవడానికి యూరోపియన్ యూనియన్ సాధారణంగా ఒప్పుకోదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దిగేటప్పుడు మీ దగ్గరున్న ఆహారాన్ని ఫారంలో ప్రకటించకపోతే జరిమానా పడుతుంది.

లేబుళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక దేశంలో అలవాటైన చదువు మరో దేశంలో మోసం చేస్తుంది. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్న కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాన్నే యూరోపియన్ యూనియన్ పాటిస్తుంది. అమెరికాలో 2013లో వచ్చిన నిబంధన కూడా దాదాపు అదే హద్దు పెట్టింది. ఇది ప్యాకెట్ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసినప్పటి మాట. అలా రాయని ప్యాకెట్ల దగ్గరే తేడా వస్తుంది. యూరప్‌లో గోధుమ, రై, బార్లీ, ఓట్స్ ఏవి ఉన్నా పదార్థాల జాబితాలో ప్రస్ఫుటంగా చూపాలి, 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు కూడా ఆ సమాచారం ఇవ్వాలి. అమెరికాలోనూ జపాన్‌లోనూ తప్పనిసరిగా చూపవలసిన అలర్జీ పదార్థాలలో గోధుమ ఉంది గానీ బార్లీ, రై లేవు. అందువల్ల అక్కడ గోధుమ ప్రస్తావన లేదని నిశ్చింతగా ఉండకుండా, మాల్ట్ (సాధారణంగా బార్లీ మొలకలతో చేసేది) అనే మాట కోసం జాబితా అంతా చదవాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో నియమం ఇంకా కఠినం: పరీక్షలో గ్లూటెన్ ఏమాత్రం కనబడకూడదు, ఓట్స్‌కు ఆ లేబులే ఇవ్వరు. యూరప్‌లో గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ జాబితాలో గోధుమ స్టార్చ్ కనబడితే కంగారు పడకండి, అది గ్లూటెన్ తొలగించినదే. గోధుమ అలర్జీ ఉన్నవారు మాత్రం దాన్ని తినకూడదు.

ఇక అన్నిటికంటే కష్టమైనది క్లయింట్‌తో విందు. రెండో ప్రయాణంలో మొహమాటపడి, ‘బ్రెడ్ తినను’ అని మాత్రమే చెప్పి ఊరుకున్నాను. సూప్ చిక్కబడటానికి గోధుమపిండి కలిపారని అర్ధరాత్రి కడుపు చెప్పింది. మర్నాడు ఉదయం ప్రెజెంటేషన్ మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్లవలసి వచ్చింది. తప్పు వంటవాడిది కాదు, నాదే. ఇప్పుడు బయలుదేరే వారం ముందే ఆతిథ్యం ఇచ్చేవారికి చిన్న మెయిల్ రాస్తాను: ‘నాకు సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, బార్లీ, రై కొంచెం కలిసినా జబ్బు పడతాను. రెస్టారెంట్ పేరు ముందుగా చెబితే వారితో నేనే మాట్లాడుకుంటాను.’ ఆ చివరి వాక్యం చూసి అవతలివారు ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే బాధ్యత వారి మీద పడలేదు. ‘డైట్’ అనే మాట మాత్రం వాడకండి. బరువు తగ్గడానికేమో అనుకుని తేలిగ్గా తీసుకుంటారు.

వెళ్లే దేశపు భాషలో ఒక కార్డు కూడా రాయించుకోండి, ఆ భాష మాతృభాషగా ఉన్న సహోద్యోగి చేత సరిచూపించండి. గ్లూటెన్ అంటే ఏమిటో వంటవాళ్లందరికీ తెలియదు కనుక, అందులో ధాన్యాల పేర్లతో పాటు బ్రెడ్ పొడి, సోయా సాస్, మాల్ట్, బీరు అని విడివిడిగా రాయాలి. నోటితో అడిగేటప్పుడు ‘ఇందులో గ్లూటెన్ ఉందా’ అంటే ‘లేదు’ అనే జవాబు అలవోకగా వచ్చేస్తుంది. దానికి బదులు ‘ఈ నూనెలో ఇంకేం వేయిస్తారు’, ‘పాస్తా ఉడికించిన నీళ్లలోనే ఇవీ ఉడికిస్తారా’ అని అడగండి. అప్పుడు వారు ఆలోచించి చెబుతారు, కొన్నిసార్లు లోపలికి వెళ్లి కనుక్కుని వస్తారు.

మూడు వారాలంటే హోటల్ గది కంటే చిన్న వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ నయం. డాక్టర్ ఉత్తరం జతచేసి అడిగితే మా ఆఫీసు ట్రావెల్ డెస్క్ ఎన్నడూ కాదనలేదు. అక్కడి చెక్క గరిటెలు, పాత స్పాంజి, టోస్టర్ ముట్టుకోకండి. కొత్త స్పాంజి ఒకటి కొనుక్కోండి. హోటలే తప్పనిసరైతే, బఫే తెరిచిన మొదటి పది నిమిషాల్లోనే, ఒకరి చెంచా మరో గిన్నెలో పడకముందే, వెళ్లడం మంచిది. గ్లూటెన్‌ను అరిగిస్తాయని అమ్మే ఎంజైమ్ మాత్రలను నమ్ముకుని ఏదీ తినవద్దు, అవి పథ్యానికి బదులు కావు.

రోజుకు కనీసం ఒక పూట ఎవరి మీదా ఆధారపడకుండా తినేలా చూసుకోండి. నాకు అది ఉదయం పూట. మధ్యాహ్నం మీటింగు గదిలోకి శాండ్‌విచ్‌లు వస్తాయని తెలిసిన రోజున నా డబ్బా నేనే తీసుకెళ్తాను. రెస్టారెంట్ వాళ్ల జవాబులు నమ్మకం కలిగించని రాత్రి విందులకు గదిలోనే తినేసి వెళ్లి, కాఫీ తీసుకుని అందరితో కూర్చుంటాను. మొదట్లో అది అమర్యాద అవుతుందేమోనని జంకాను గానీ, ఇన్నేళ్లలో దాని గురించి నన్ను అడిగినవారు ఇద్దరే, వారిలో ఒకరు తన కూతురికీ ఇదే వ్యాధి ఉందని చెప్పి ఆ ఊళ్లో ఎక్కడ తినవచ్చో కాగితం మీద రాసిచ్చారు.