లైనింగులు మార్చినా బ్రేకు ఎందుకు నిలవట్లేదు?

ప్రశ్న: సార్, మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. 1997 మోడల్ ట్రాక్టర్, డ్రై డిస్క్ బ్రేకులు (ఆయిల్ తగలకుండా పొడిగా పనిచేసేవి). దమ్ములకీ, గుంటూరు యార్డుకి మిర్చి లోడుకీ కిరాయికి తిప్పుతాం. లైనింగులు కొత్తవి వేయిస్తే కొన్నాళ్లు బాగానే పడతయ్, మళ్లీ ఎడమ బ్రేకు జారిపోద్ది, రెండు పెడళ్లూ కలిపి తొక్కితే బండి కుడిపక్కకి లాగేస్తది. విప్పి చూస్తే ప్లేట్లు జిడ్డుగా ఉంటన్నయ్, మెకానిక్ పెట్రోలుతో కడిగి మళ్లీ బిగిస్తన్నాడు. ఇంక సీజన్ మొదలవుద్ది, ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఒక మాట వినండి, ఇది బాగయ్యేదాకా వెనక లోడు ట్రక్కు (ట్రైలర్) తగిలించొద్దు, వేరే బండి కిరాయికి మాట్లాడుకోండి. ఒకపక్కే పట్టే బ్రేకు తొక్కినప్పుడు వెనకనుంచి టన్నుల బరువు తోస్తే ట్రక్కు అడ్డం తిరిగి ట్రాక్టర్‌నే పడేస్తది.

మీ జబ్బు లైనింగుది కాదండీ, ఆయిలుది. లైనింగు, అంటే బ్రేకు ప్లేటు మీద రాసుకునే పొర, ఒకసారి గేర్ ఆయిల్ పీల్చుకున్నాక ఎంత కడిగినా పైపైనే పోద్ది, బ్రేకు వేడెక్కగానే లోపలిది ఊరి మళ్లీ పైకొస్తది, కాబట్టి జిడ్డు పట్టిన ప్లేట్లు పారెయ్యాల్సిందే. అయితే కొత్తవి వేసేముందు ఆ ఆయిల్ ఎట్టా వస్తందో పట్టుకోవాలి. బ్రేకు హౌసింగులోకి షాఫ్ట్ వచ్చేచోట ఆయిల్ సీల్ ఉంటది, అందరూ దాన్ని మార్చి చేతులు దులుపుకుంటారు, కానీ పాత బండ్లలో సీల్ రాసుకునే చోట షాఫ్ట్ మీద సన్నటి గాడి పడుద్ది, గోరుతో గీస్తే తగులుద్ది, అదే గాడి మీద కొత్త సీల్ కూర్చుంటే ఎన్నిసార్లు మార్చినా కారుద్ది. గాడి ఉంటే సీల్ కొంచెం పక్కకి కూర్చునేట్టు వెయ్యడమో, షాఫ్ట్‌కి సన్న స్లీవ్ తొడిగించడమో చెయ్యాలి, విజయవాడ ఆటోనగర్లో లేత్ వాళ్లని అడగండి. బేరింగ్ కూడా చూడండి, అది అరిగి షాఫ్ట్ ఊగుతుంటే ఏ సీలూ ఆగదు.

ఇంకోటి, డబ్బు ఖర్చు లేనిది, చాలామంది చూడనిది. గేర్ ఆయిల్ ఉండే హౌసింగు మీద గాలి పోయే బ్రీదర్ ఉంటది, దమ్ములో బురద పట్టి అది మూసుకుపోతే లోపల గాలి వేడెక్కి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని సీల్ మీదకి తోస్తది. దాన్ని విప్పి డీజిల్‌తో కడగండి. ఆయిల్ కూడా గుర్తు దాటి పోయకండి, ఎక్కువైనా కారుద్ది.

విప్పినప్పుడు యాక్చుయేటర్ ప్లేట్ల మధ్య ఉక్కు గోళీలు చూడండి. అవి గుంటల్లోనుంచి పైకెక్కితేనే ప్లేట్లు విడిపడి డిస్కుల్ని నొక్కుతయ్, బురదనీళ్లు దూరి తుప్పు పడితే అవి ఇరుక్కుని బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తది, లేదా వదలదు. గుంతలు పడ్డ ప్లేట్లు, సాగిపోయిన స్ప్రింగులు మార్పించండి. బ్రేకు హౌసింగుకి నీళ్లు దూరకుండా ఉండే రబ్బరు బూట్లు చిరిగితే అవి కూడా.

లైనింగులు ఎడమ ఒక్కటే వద్దు, రెండుపక్కలా ఒకే కంపెనీవి వేయించి, రెండు పెడళ్లకీ ఆట (బ్రేకు పట్టేముందు పెడలు ఊరికే కిందికెళ్లే దూరం) మీ బండి పుస్తకంలో రాసినంత, సమానంగా పెట్టించండి. తర్వాత ఖాళీ చేలో రెండు పెడళ్లనీ కలిపే లాక్ వేసి నెమ్మదిగా నడుపుతూ తొక్కి చూడండి, రెండు చక్రాల జాడలూ ఒకేలా పడాలి. రోడ్డెక్కినప్పుడు ఆ లాక్ తప్పకుండా వెయ్యాలి, వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకుండా గేర్లోనే దిగండి.

పాత లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి మెకానిక్‌ని గాలి కొట్టనివ్వకండి, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవమనండి.