వెండి కొనేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చెనక్కాయలు అమ్మిన డబ్బులో కొంత వెండిగా మార్చి పెట్టుకోవాలని ఉంది. నెలకొక 10 గ్రాముల నాణెం కొనాలా, డబ్బు కూడబెట్టి 100 గ్రాముల బిస్కెట్ కొనాలా?
– ఒక రైతు, తాడిపత్రి

జవాబు: కూడబెట్టి కొనండి. లెక్క చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. సులువు కోసం గ్రాము 100 రూపాయలనుకుందాం. 10 గ్రాముల నాణెంలో లోహం విలువ 1,000. అచ్చుకు, ప్యాకింగ్‌కు, దుకాణం లాభానికి కలిపి 150 వేశారనుకోండి. ఆ 1,150 మీద 3 శాతం జీఎస్టీ 34.50. మీరు కట్టేది 1,184.50. అదే నాణేన్ని మర్నాడు అమ్మబోతే కొనేవాడు బొమ్మను చూడడు, లోహాన్ని తూస్తాడు. ధరలో 3 శాతం కోసుకుంటే మీకొచ్చేది 970. కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. అంటే వెండి ధర 22 శాతం పెరిగితే గానీ మీ అసలు మీ చేతికి రాదు. 100 గ్రాముల బిస్కెట్‌కు ఇవే ఖర్చులు (మజూరీ) 300 అనుకుంటే బిల్లు 10,609, అమ్మితే 9,700. ఇక్కడ 9.4 శాతం పెరిగితే చాలు.

మజూరీ ఒక్కో దుకాణంలో ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకే డబ్బు తీయకముందే మూడు మాటలు అడగండి: ఈరోజు గ్రాము రేటెంత, దాని మీద మజూరీ ఎంత, ఇదే బిస్కెట్‌ను ఈరోజే మీకు అమ్మితే ఎంతిస్తారు? మూడో ప్రశ్నకు తిన్నగా సమాధానం రాని చోట కొనవద్దు. కిలో రేటు చెప్తే అది జీఎస్టీ కలిపిన ధరా కాదా అని కూడా అడగాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

అరకిలో, కిలో కడ్డీలకు గ్రాముకు పడే మజూరీ ఇంకా తగ్గుతుంది. కానీ పిల్లల ఫీజుకు పాతిక వేలు కావాల్సొస్తే కిలో కడ్డీలో ముక్క కోసి అమ్మితే దానిమీది ముద్ర, సీరియల్ నంబరు పనికిరాకుండా పోతాయి. చిన్న మదుపరికి 100 గ్రాములే సరైన కొలత. ధంతేరస్, శ్రావణ శుక్రవారాల రద్దీలో మజూరీ బేరానికి లొంగదు, ఆ రోజులు దాటాక వెళ్లండి.

ఉన్న డబ్బంతా ఒక్కసారే పెట్టవద్దు. 2011లో కిలో 70 వేలు దాటిన వెండి 2015 చివరికి సగానికి పడింది. మూడు నాలుగు విడతలుగా కొంటే శిఖరం మీద ఇరుక్కునే ప్రమాదం తగ్గుతుంది.

ప్రశ్న: దుకాణంలో "ప్యూర్ వెండి" అన్నారు. ఇంట్లో పరీక్షించుకునే దారి ఉందా?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ముద్ర చూడండి. 999 అంటే వెయ్యి పాళ్లలో 999 పాళ్లు వెండి, 925 అంటే మిగతా 75 పాళ్లు ఎక్కువగా రాగి. పెట్టుబడికి 999 తప్ప మరొకటి కొనవద్దు. వెండికి హాల్‌మార్క్ (స్వచ్ఛతకు గుర్తింపు ముద్ర) తప్పనిసరి కాదు, దుకాణదారు ఇష్టం. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి నగలకూ హెచ్‌యూఐడీ నంబరుతో (ఒక్కో వస్తువుకు ఒక్కో గుర్తింపు సంఖ్య) హాల్‌మార్క్ వేసే పద్ధతి వచ్చింది. నంబరు ఉంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన వివరాలు చేతిలోని వస్తువుకు సరిపోతున్నాయో చూసుకోండి. బిస్కెట్‌పై తయారీదారు పేరు, బరువు, 999, సీరియల్ నంబరు ఉండాలి. ఆ నంబరు ప్యాకెట్‌లోని పత్రంతో కలవాలి.

ఇంటి పరీక్షకు 0.1 గ్రాము చూపే కాటా చాలు. బిస్కెట్‌ను తూచి బరువు రాసుకోండి. కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి, రీడింగును సున్నా చేయండి. బిస్కెట్‌కు సన్నదారం కట్టి, అడుగుకు, గోడకు తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. ఇప్పుడు కాటా చూపే గ్రాములే బిస్కెట్ ఘనపరిమాణం, సీసీల్లో. బరువును దానితో భాగిస్తే సుమారు 10.5 రావాలి. 100 గ్రాముల వెండికి కాటా 9.5 చూపుతుంది. రాగి అయితే 11.2, సీసం అయితే 8.8, జర్మన్ సిల్వర్ అయితే 11.5 దగ్గర. (జర్మన్ సిల్వర్‌లో వెండి బొత్తిగా ఉండదు. అది రాగి, నికెల్, జింకు.) గాలిబుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, దారాన్ని ఒకసారి కదిపి చూడండి. 10 గ్రాముల నాణేనికి ఈ కాటా చాలదు, 0.01 గ్రాము చూపేది కావాలి.

ఈ పరీక్షతో మోటు మోసం దొరుకుతుంది గానీ 999కీ 925కీ తేడా పట్టుబడదు. 925కు కాటా 9.65 చూపుతుంది, అంతే. అయస్కాంతం ఇనుము, నికెల్ లాంటి వాటినే పడుతుంది, రాగినీ సీసాన్నీ పట్టదు, దాన్ని నమ్ముకోవద్దు. దుకాణాల్లో ఉండే, ఎక్స్-కిరణాలతో లోహాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం కూడా పైపొరనే చదువుతుంది, మందపు పూత ఉంటే మోసపోతుంది. పెద్ద మొత్తమైతే బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించడమే దారి.

ప్రశ్న: పట్టీలు, చెంబు, కుంకుమ భరిణ కొనుక్కుంటే వాడుకున్నట్టూ ఉంటుంది, పొదుపూ అవుతుంది కదా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: వాడుకోవడానికైతే నిరభ్యంతరంగా కొనండి. పొదుపు అనుకోవద్దు. మజూరీ, తరుగు ఎక్కువ. అమ్మేటప్పుడు టంకాన్ని, లోపల నింపిన లక్కను తీసేసి, టంచ్ (స్వచ్ఛత) చూసి లెక్కకడతారు. దుకాణాల నెలవారీ పొదుపు స్కీములో చేరేముందు కూడా చివర్లో బిస్కెట్ ఇస్తారా, నగలే తీసుకోవాలా అని అడగండి. నగలే అంటే వాళ్లిచ్చే బోనస్ మజూరీలోనే పోతుంది.

ప్రశ్న: మా అవ్వ పెట్టెలో రాణి బొమ్మ, రాజు బొమ్మ ఉన్న రూపాయలు 40 దాకా ఉన్నాయి. వెండి లెక్కన ఎంత?
– ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: సంవత్సరం చూసి మూడు కుప్పలు చేయండి. 1940కి ముందు రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి, అంటే దాదాపు 10.7 గ్రాముల స్వచ్ఛమైన వెండి. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే వెండి, 5.83 గ్రాములు. 1947 రూపాయి నికెల్, వెండి లేదు. ఇది మాత్రం అయస్కాంతానికి అంటుకుంటుంది. అరిగినవి బరువు తగ్గుతాయి కాబట్టి సంఖ్యతో కాకుండా తూచి లెక్కకట్టండి. అమ్మబోయే ముందు చింతపండుతో తోమకండి. ఎవరైనా నాణేల సేకర్త కొనేదుంటే, తోమిన నాణేనికి విలువ పడిపోతుంది. ఇవే రూపాయలు కొత్తగా కొని పెట్టుకుందామనుకునేవారికి ఒక మాట: నకిలీలు విపరీతం, బరువు తూచకుండా ఒక్కటీ కొనవద్దు.

ప్రశ్న: బిస్కెట్లు అవసరానికి కుదువ పెట్టుకోవచ్చా? పన్ను సంగతేమిటి?
– ఒక చిన్న వ్యాపారి, గుంతకల్లు

జవాబు: బ్యాంకులో బిస్కెట్ కుదరదు. బంగారం, వెండి రుణాలపై రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం కడ్డీలు, బిస్కెట్ల మీద అప్పివ్వకూడదు. ఒక మనిషికి వెండి నగలు 10 కిలోల దాకా, నాణేలు 500 గ్రాముల దాకా తాకట్టు తీసుకోవచ్చు. రెండున్నర లక్షల లోపు రుణానికి వెండి విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. అయినా వెండి తీసుకునేదీ లేనిదీ మీ శాఖలో ముందే అడగండి. అన్ని శాఖలూ సిద్ధంగా ఉండవు. తాకట్టే మీ ఉద్దేశమైతే మొదటి జవాబులో చెప్పిన బిస్కెట్ మీకు సరిపడదు.

పన్ను: కొన్న 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం. 2024 జూలై 23 నుంచి ఇదే లెక్క. 24 నెలల లోపే అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. కొన్న ధర చూపడానికి బిల్లే ఆధారం, కాబట్టి "బిల్లు లేకుండా 3 శాతం తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. ఒకే రోజు ఒకరి నుంచి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. అమ్మేటప్పుడు మీకూ అది వర్తిస్తుంది.

ప్రశ్న: దాచే బాధ లేకుండా వెండి ఈటీఎఫ్ (షేర్ల మార్కెట్లో కొని అమ్మే వెండి ఫండు) కొంటే?
– ఒక ఉద్యోగి, కడప

జవాబు: డీమ్యాట్ ఖాతా (షేర్లు దాచుకునే ఖాతా) ఉంటే, ధర పెరిగితే చాలనుకుంటే అదే చవక. జీఎస్టీ, మజూరీ ఉండవు, 24 నెలలు ఆగక్కర్లేదు, 12 నెలలు దాటితే చాలు 12.5 శాతం పన్నే పడుతుంది. కానీ కొనేముందు మార్కెట్ ధరను ఐఎన్‌ఏవీతో, అంటే ఫండు యూనిట్‌లోని వెండికి ఆ సమయాన ఉన్న అసలు విలువతో, పోల్చండి. 2025 అక్టోబరులో వెండి కొరత వచ్చి ఈటీఎఫ్‌లు అసలు విలువ కంటే బాగా ఎక్కువకు అమ్ముడయ్యాయి. కొన్ని సంస్థలు తమ వెండి ఫండ్లలో ఒకేసారి పెట్టే మొత్తాలు తీసుకోవడం ఆపాయి.

ప్రశ్న: బిస్కెట్ నల్లబడితే విలువ తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: తగ్గదు. గాలిలోని గంధక వాయువుతో కలిసి పైన ఏర్పడే పొర అది. రుద్దితే మాత్రం లోహం పోతుంది. పరీక్షకు తప్ప ప్యాకెట్ చించవద్దు. రబ్బరు బ్యాండు వేయకుండా, పత్రికల కాగితంలో చుట్టకుండా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.