కెమెరా ఒకటే, కరెంటు రెండు రకాలు

ప్రశ్న: మాది అమలాపురం పక్కన పల్లెటూరు. బీటెక్ అయింది, ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను. ఇప్పటికి నాలుగు షార్ట్ ఫిల్ములు తీశాను. కథ, కెమెరా, ఎడిటింగ్, పాటలు అన్నీ నేనే. "అన్నీ వచ్చినవాడికి ఏదీ రాదురా, ఒకటి పట్టుకో" అంటున్నారు మా మావయ్య. మీలాగా అక్కడా ఇక్కడా సినిమాలు తీస్తూ బతకడం కుదురుతుందాండీ?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: నేను ఎడిటింగ్ నేర్చుకున్నది ఎడిటర్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేక. కెమెరా కూడా అంతే. సబ్‌టైటిల్స్, పోస్టరు, ఒకసారి మేకప్పు కూడా. సన్మానాల్లో దాన్నే బహుముఖ ప్రజ్ఞ అంటారు. కాబట్టి మావయ్యగారితో వాదన పెట్టుకోకండి, అన్నీ నేర్చుకోండి. కానీ షూటింగ్‌కి మాత్రం ఒంటరిగా వెళ్లకండి.

ఎందుకంటే, 2014 డిసెంబరులో న్యూజెర్సీ నుంచి దిగిన మర్నాడే రాజోలు వైపు ఒక మామ్మగారింటికి వెళ్లాను. కొబ్బరి పీచుతో తాడు పేనుతుంది. 1996 నవంబరు తుఫాను రాత్రి గురించి అడిగాను. ట్యూబులైటు కింద కూర్చుని గంటసేపు చెప్పింది, చివర్లో ఏడ్చేసింది. నాకు కూడా కళ్లు తడిశాయి, అద్భుతంగా వచ్చిందనుకున్నాను. పొద్దున్నే ల్యాప్‌టాప్‌లో చూస్తే ఆవిడ మొహం మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు (హెర్ట్జ్) ఊగుతుంది, మనది 50. ట్యూబులైటు కంటికి తెలియకుండా ఆ ఊపుకే మినుకుతుంది. అక్కడ పెట్టుకున్న 1/60 షట్టర్‌ని (ఒక్కో ఫ్రేము వెలుగు పట్టే సమయం, సెకనులో అరవయ్యో వంతు) ఇక్కడ 1/50కి మార్చడం మర్చిపోయాను. కెమెరా తెర చూడ్డానికి ఇంకో కళ్ల జత ఉంటే, "అన్నా, ఏవో చారలు పడుతున్నాయి" అనేవాళ్లు.

సిగ్గుపడుతూనే మళ్లీ వెళ్లాను. "నిన్నొచ్చిన ఏడుపు ఇయ్యాల రమ్మంటే వత్తాదేటయ్యా?" అంది మామ్మ, రాట్నం ఆపకుండానే. ఇంకేం మాట్లాడతాను! ఆ చేతుల్నీ, రాట్నాన్నీ పగటి వెలుగులో తీసుకుని, రాత్రి గొంతుని వాటి మీద వేశాను. ఆ గొంతు శుభ్రంగా ఉందంటే కారణం మా పిన్నిగారబ్బాయి. మైకు వాడి చేతిలో పెట్టి, ఫ్యాను కట్టెయ్యడం వాడికి వదిలేశాను. మీరూ సౌండ్ ఇంకొకరికి అప్పజెప్పండి. బొమ్మ కాస్త చెడితే జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

ఇక బతుకు సంగతి. నాగేశ్ కుకునూర్ అట్లాంటాలో ఇంజినీరు ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బుతో 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. రాసిందీ, తీసిందీ, నటించిందీ ఆయనే. పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మించి అందులో నటించారు, 2025లో ఇంకో సినిమాకి తనే దర్శకత్వం వహించారు. ఇద్దరిలో ఎవరికీ సినిమా మొదట్లోనే అన్నం పెట్టలేదు. నా సంగతీ అంతే, చాలా ఏళ్లు ఉద్యోగం అక్కడ, కథ ఇక్కడ. ఇక్కడ రాత్రి తొమ్మిదయితే చలికాలంలో న్యూజెర్సీలో పొద్దున్న పదిన్నర. ఆ పూట ఆఫీసు కాల్స్ అయ్యాక ఎడిటింగు. నిద్ర ఎప్పుడని మా ఆవిడ అడుగుతూ ఉండేది.

ఒక్క జాగ్రత్త. స్టూడెంట్ వీసా మీద ఉండి ఎవరిదో పెళ్లి వీడియో తీసి వంద డాలర్లు పుచ్చుకున్నా అది పని కిందకే వస్తుంది. తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసా వచ్చినా, స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చెయ్యాలి. డబ్బు మాట వచ్చిన ప్రతిసారీ ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడగండి. మొహమాటపడి చెడిపోయినవాళ్లని చూశాను.

ప్రశ్న: కెమెరా సామాను విమానంలో ఎలా తీసుకెళ్లాలి?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే, చెక్-ఇన్‌లో వద్దు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్స్‌ని ముందే అడగాలి. ఖరీదైన కెమెరా ఇక్కణ్నుంచి తీసుకెళ్తుంటే, ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు డ్యూటీ గొడవ ఉండదు. ఇంటికొచ్చాక మన గోదావరి తేమకి లెన్సులు బూజు పడతాయి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. మా అమ్మ బియ్యం డబ్బాలో దాచింది ఒకసారి. తవుడు దులపడానికి రెండు రోజులు పట్టింది.